కామన్ నౌనా, ప్రాపర్ నౌనా: చూసి చెప్పగలమా, ఎవరైనా చెబితేనే తెలుస్తుందా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పరీక్షలో మీ పాపకి మండే, సన్, సమ్మర్, ఇంగ్లిష్, మదర్ అని ఐదు మాటలిచ్చి, వీటిలో ఉమ్మడి మాటలైన కామన్ నౌన్లేవో, సొంత పేర్లైన ప్రాపర్ నౌన్లేవో విడదీయమన్నారు. కాపిటల్ లెటర్‌తో మొదలైతే ప్రాపర్, లేకపోతే కామన్ అని మీరు నేర్పి ఉన్నారు. ప్రశ్నపత్రంలో ఐదింటికీ మొదటి అక్షరం కాపిటల్‌లోనే అచ్చయింది. పాప ఐదూ ప్రాపర్ అని రాసేసింది, రెండు మార్కులొచ్చాయి. ఇప్పుడు మీకు మూడు సందేహాలు. సూర్యుడు ఒక్కడే కదా, సన్ కామన్ నౌన్ ఎలా అవుతుంది? మండేకి కాపిటల్ ఉంటే సమ్మర్‌కి ఎందుకు ఉండదు? మదర్‌ని ఒకచోట కాపిటల్‌తో, ఇంకోచోట స్మాల్ లెటర్‌తో ఎందుకు రాస్తారు?

పాపని ఏమీ అనకండి. ఆ ప్రశ్న వేసిన తీరులోనే లోపం ఉంది, ఆ సంగతి కిందికి వెళ్లాక చెబుతాను. ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లిష్ గ్రామర్ చెబుతున్నాను. ఈ పాఠంలో పిల్లలూ పెద్దలూ తడబడేది దాదాపు ఎప్పుడూ ఒకే చోట, కాపిటల్ లెటర్‌ని ఆనవాలుగా పట్టుకున్న చోట.

మీ సూత్రం తలకిందులుగా ఉందండీ. ప్రాపర్ నౌన్ కాబట్టి ఇంగ్లిష్‌లో కాపిటల్ పెడతారు. కాపిటల్ ఉంది కాబట్టి అది ప్రాపర్ నౌన్ అయిపోదు. వాన పడుతోందని గొడుగు వేస్తాం, అంతమాత్రాన గొడుగు కనిపించిన ప్రతిచోటా వాన పడుతున్నట్టు కాదు, ఎండకీ వేస్తాం కదా. ఇంగ్లిష్‌లో కాపిటల్ పడే సందర్భాలు చాలా ఉన్నాయి. వాక్యం మొదట్లో ఏ మాటకైనా పడుతుంది. 'నేను' అనే అర్థమిచ్చే 'ఐ' ఎక్కడున్నా కాపిటలే, అది ప్రొనౌన్, అంటే సర్వనామం. 'ఇంగ్లిష్ గ్రామర్' అన్నప్పుడు ఇంగ్లిష్‌కి కాపిటల్ తప్పదు, కానీ అక్కడ ఆ మాట గ్రామర్‌ని వర్ణిస్తోంది, అంటే విశేషణం.

మా తరగతిలో ఏటా ఒక డిక్టేషన్ ఇస్తాను. ఒకే ఒక్క వాక్యం. 'విల్ విల్ మార్చ్ ఇన్ మార్చ్?' అని చదివి రాయమంటాను. మొదట నవ్వుతారు, తర్వాత పెన్నులు ఆగిపోతాయి. విల్ అనే పేరున్న మనిషి మార్చి నెలలో కవాతు చేస్తాడా అన్నది ఆ వాక్యం అర్థం. మొదటి విల్‌కి కాపిటల్, కారణం వాక్యం మొదట్లో ఉండటం. అది సహాయక క్రియ, నౌన్ కానే కాదు. రెండో విల్‌కీ కాపిటలే, కానీ అది మనిషి పేరు కాబట్టి. మొదటి మార్చ్ క్రియ, స్మాల్ లెటర్. చివరి మార్చ్ నెల పేరు, కాపిటల్. చెవికి రెండే మాటలు వినిపించాయి, కాగితం మీద నాలుగు వేర్వేరు పనులు జరిగాయి. కాపిటల్స్ మూడు ఉన్నాయి, ప్రాపర్ నౌన్లు రెండే. ఒక ఏడాది వెనక బెంచీలో ఒక అబ్బాయి, "అంటే ముందు అర్థం తెలుసుకుని తర్వాత అక్షరం రాయాలా?" అన్నాడు. నేను చెప్పదలచుకున్న పాఠమంతా వాడి నోటి నుంచే వచ్చేసింది.

కాపిటల్ అనేది రాతలో పెట్టుకున్న ఆనవాయితీ. భాషని బట్టీ కాలాన్ని బట్టీ మారుతుంది. జర్మన్‌లో నౌన్ అయితే చాలు, కుక్కకీ కుర్చీకీ కూడా కాపిటల్ పెడతారు. డేనిష్ వాళ్లూ అలాగే పెట్టేవారు, 1948లో మానేశారు. ఫ్రెంచ్‌లో వారాల పేర్లూ నెలల పేర్లూ భాషల పేర్లూ స్మాల్ లెటర్‌తోనే రాస్తారు. ఇంగ్లిష్ కూడా ఎప్పుడూ ఇలాగే లేదు. 1787 నాటి అమెరికా రాజ్యాంగం రాతప్రతి మొదటి పంక్తి చూడండి. ప్రజలు, ఐక్యత అనే అర్థమిచ్చే మామూలు మాటలకి కూడా అందులో కాపిటల్స్ కనిపిస్తాయి. ఇక తెలుగు లిపిలో పెద్ద ఏబీసీడీ, చిన్న ఏబీసీడీ అనే భేదమే లేదు. అయినా ఏది ఊరి పేరో ఏది ఊరు అనే మాటో మనకెప్పుడూ గందరగోళం రాదు. తేడా ఉన్నది అర్థంలో, అక్షరంలో ఉన్నది దాని నీడ మాత్రమే.

మరి అర్థంలో ఉన్న తేడా ఏమిటి? ముందు 'ప్రాపర్' అనే మాట దగ్గర ఆగాలి. చాలామంది దాన్ని 'సరైన' అనుకుంటారు. ఇక్కడ ఆ అర్థం కాదు. లాటిన్‌లో 'ప్రోప్రియుస్' అంటే సొంత, తనదైన. ప్రాపర్టీ అనే మాటా అక్కడిదే. కామన్ అంటే ఉమ్మడి. కాబట్టి కామన్ నౌన్ అంటే ఒక జాతి మొత్తానికి ఉమ్మడిగా చెల్లే మాట, ప్రాపర్ నౌన్ అంటే ఒకదానికి సొంతంగా పెట్టిన పేరు. తెలుగులో జాతివాచకం, సంజ్ఞావాచకం అని మనం చదువుకున్నవి ఇవే. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దం ప్రాంతంలో గ్రీకు వ్యాకరణం చెప్పిన డయొనీసియస్ థ్రాక్స్ ఉమ్మడిగా చెల్లే వాటికి 'మనిషి', 'గుర్రం' అనే మాటల్నీ, సొంతంగా చెల్లే వాటికి 'సోక్రటీస్' అనే పేరునీ ఉదాహరణగా ఇచ్చాడు. మన పతంజలి సంస్కృత వ్యాకరణం మీద రాసిన మహాభాష్యంలో మాటల్ని నాలుగు తెగలుగా చెప్పాడు. జాతి శబ్దాలు, గుణ శబ్దాలు, క్రియా శబ్దాలు, నాలుగోవి యదృచ్ఛా శబ్దాలు. యదృచ్ఛ అంటే పెట్టినవాళ్ల ఇష్టం. ఈ నాలుగో మాట నాకు చాలా ఇష్టం. ప్రాపర్ నౌన్ గుట్టంతా అందులోనే ఉంది. ఆ పేరు ఆ వస్తువులో ఉన్న ఏ లక్షణం నుంచీ పుట్టనక్కర్లేదు, ఎవరో పెట్టారు కాబట్టి ఉంది.

దీన్నుంచే నేను పిల్లలకి ఒక పరీక్ష చెబుతాను. చూసి చెప్పగలమా, ఎవరైనా చెబితేనే తెలుస్తుందా?

వీధిలో ఎన్నడూ చూడని ఒక కుక్క కనిపించిందనుకోండి. అది కుక్క అని ఎవరినీ అడగక్కర్లేదు. కానీ దాని పేరు టామీయో రాజావో ఎంతసేపు చూసినా తెలియదు, పెంచుకునేవాళ్లు చెప్పాలి. డాగ్ కామన్ నౌన్, టామీ ప్రాపర్ నౌన్. 'నాకు ఆ చెట్టు ఏ చెట్టో చూసినా తెలియదు, మరి అది ప్రాపర్ నౌనా?' అని తెలివైన పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్నే. మనకి తెలియకపోయినా తెలిసినవాళ్లు చూసి చెప్పగలగాలి, అంతే. అమెరికాలోని కాలిఫోర్నియాలో ఒక మహావృక్షం ఉంది. వృక్షశాస్త్రం చదివినవాళ్లు దాని ఆకూ బెరడూ చూసి సెక్వోయా అని చెప్పేస్తారు. కానీ దానికి 'జనరల్ షెర్మన్' అని పేరున్నట్టు ఎంత గొప్ప శాస్త్రజ్ఞుడైనా బెరడు చూసి చెప్పలేడు. తుఫానులూ అంతే. గాలి వేగం గంటకు 119 కిలోమీటర్లు దాటిందా అని కొలిచి హరికేన్ అని నిర్ణయిస్తారు. 2005లో వచ్చినదానికి కత్రినా అన్న పేరు మాత్రం ఏ కొలతలోనూ దొరకదు. ముందే తయారుచేసి పెట్టుకున్న పేర్ల జాబితాలో దాని వంతుకి ఆ పేరు వచ్చింది.

పేరులో అర్థం కనిపిస్తే? జాన్ స్టూవర్ట్ మిల్ అనే ఇంగ్లిష్ తత్త్వవేత్త 1843లో ఈ సంగతే చర్చించాడు. ఇంగ్లండ్‌లో డార్ట్ అనే నది సముద్రంలో కలిసేచోట ఉన్న ఊరు డార్ట్‌మత్. పేరులోనే నదీముఖం అన్న అర్థం ఉంది. రేపు ఇసుక మేట వేసో భూకంపం వచ్చో నది దారి మళ్లి ఆ ఊరికి దూరంగా పారినా, ఊరి పేరు డార్ట్‌మతే అంటాడాయన. పెట్టేటప్పుడు కారణం ఉండొచ్చు, పెట్టాక పేరుకి ఆ కారణంతో పని లేదు. మన ఇళ్లలో శాంతి అని పేరు పెట్టిన అమ్మాయి ఎంత కోపిష్టి అయినా శాంతే కదా. కామన్ నౌన్‌కి ఈ స్వేచ్ఛ లేదు. నది ఎండిపోయి మైదానమైపోతే దాన్ని రివర్ అనలేం.

ఇప్పుడు సూర్యుడి సంగతి. 'ప్రపంచంలో ఒక్కటే ఉంటే ప్రాపర్ నౌన్' అని చాలా గైడ్లలో రాస్తారు. ఆ నిర్వచనం రెండు వైపులా తప్పుతుంది. జాన్ అనే పేరు లక్షల మందికి ఉంది, అయినా ప్రాపర్ నౌనే. ఆ లక్షల మందినీ కలిపే లక్షణం ఏదీ లేదు, అందరికీ ఆ పేరు పెట్టారంతే. రెండోవైపు, 'ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం' అంటే ఒక్కటే ఉంటుంది. అయినా ఆ మాటల్లో ప్రాపర్ నౌన్ లేదు, ఎత్తు కొలిచి ఎవరైనా నిర్ణయించవచ్చు. నిజానికి సర్వేవాళ్లు దాన్ని కొలిచి అన్నిటికన్నా ఎత్తైనదని తేల్చేనాటికి వాళ్ల లెక్కల్లో అది పదిహేనో నంబరు శిఖరం. అంతకుముందు ఆ సర్వేకి అధిపతిగా ఉన్న జార్జ్ ఎవరెస్ట్ పేరు మీద ఎవరెస్ట్ అన్న ప్రాపర్ నౌన్ 1865లో స్థిరపడింది. శిఖరం మారలేదు, ఎత్తు మారలేదు, ఒక పేరు తగిలింది.

సన్ అనే మాట రెండు పడవల మీద కాళ్లున్న మాట. రోజువారీ ఇంగ్లిష్‌లో దానికి ముందు 'ది' పెట్టి స్మాల్ లెటర్‌తో రాస్తారు. తనచుట్టూ గ్రహాలు తిరిగే నక్షత్రం ఏదైనా సన్నే అనే అర్థమూ దానికుంది. కాబట్టి బడి పరీక్షల్లో కామన్ నౌన్ అనే తీసుకుంటారు. ఖగోళశాస్త్రంలో మాత్రం మన సూర్యుణ్ణి ప్రత్యేకంగా చెప్పేటప్పుడు కాపిటల్‌తో రాస్తారు, అప్పుడది పేరు. మూన్ కథ ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఒకప్పుడు మనిషికి తెలిసిన మూన్ ఒక్కటే. 1610 జనవరిలో గెలీలియో తన దూరదర్శినితో బృహస్పతి చుట్టూ తిరిగే నాలుగింటిని చూశాడు. ఆ తర్వాత మూన్ ఒక రకం వస్తువుకి పేరైపోయింది, 'జూపిటర్ మూన్స్' అని బహువచనం వచ్చింది. ఆ నాలుగింటినీ విడివిడిగా పిలవాలంటే ఇప్పుడు అయో, యూరోపా, గానిమీడ్, కలిస్టో అని సొంత పేర్లు కావాల్సి వచ్చింది. కామన్ నౌన్ ఉన్నచోట ప్రాపర్ నౌన్ అవసరం ఎందుకు పుడుతుందో ఇంతకన్నా బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు. ఎర్త్ కూడా అంతే. గ్రహం పేరుగా వాడితే కాపిటల్, మట్టి అనే అర్థంలో అయితే స్మాల్.

మండే, సమ్మర్ విషయంలో మన పరీక్ష చక్కగా పనికొస్తుంది. ఎండ తీవ్రత, పగటి నిడివి చూసి ఇది సమ్మర్ అని ఎవరైనా చెప్పగలరు. ఆకాశం ఎంతసేపు చూసినా ఇవాళ మండేనా ట్యూస్‌డేనా అన్నది తెలియదు. కాలెండర్ చూడాలి, లేదా ఎవరినైనా అడగాలి. ఏడు రోజుల చక్రంలో ఒక రోజుకి మనుషులు తగిలించిన పేరు అది. వాటిలో కొన్ని అచ్చంగా దేవతల పేర్ల నుంచి వచ్చాయి. థర్స్‌డే థోర్ అనే దేవుడి రోజు, వెడ్నెస్‌డే వోడెన్ రోజు. జులై, ఆగస్ట్ రోమన్ పాలకులు జూలియస్ సీజర్, ఆగస్టస్‌ల పేర్లు. రుతువుల మాటలు అలాంటివి కావు. ఆకులు రాలే కాలాన్ని అమెరికన్లు 'ఫాల్' అంటారు, అది రాలడం అనే మామూలు మాటే. కాబట్టి స్ప్రింగ్, సమ్మర్, ఆటమ్, వింటర్ నాలుగూ స్మాల్ లెటర్‌తోనే. పండగలకీ పోటీలకీ పేరులో భాగంగా వస్తే మాత్రం, 'వింటర్ ఒలింపిక్స్' లాగా, కాపిటల్ పడుతుంది. అక్కడ మొత్తం కలిపి ఒక పేరు.

ఇంగ్లిష్ అనే మాట భాష పేరైతే ప్రాపర్ నౌన్. ఇక్కడ పిల్లలు తరచూ చేసే తప్పొకటి చెప్పాలి. 'నాకు ఇంగ్లిష్, మ్యాథమాటిక్స్, ఫిజిక్స్ ఇష్టం' అన్న వాక్యం ఇంగ్లిష్‌లో రాస్తూ మూడింటికీ కాపిటల్ పెడతారు. భాషకి మాత్రమే పెట్టాలి, మామూలు వాక్యంలో మిగతా రెండూ స్మాల్.

మదర్ సంగతికి వేరే పరీక్ష కావాలి. ఆ మాట తీసేసి అక్కడ మనిషి పేరు పెట్టి చూడండి. 'మదర్ ఈజ్ ఎట్ హోమ్' అనే వాక్యంలో మదర్ బదులు లక్ష్మి అని పెడితే వాక్యం హాయిగా నిలుస్తుంది. అంటే అక్కడ మదర్ పేరులాగా పనిచేస్తోంది, కాపిటల్ పెట్టాలి. 'మై మదర్ ఈజ్ ఎట్ హోమ్' లో పెడితే 'మై లక్ష్మి' అవుతుంది, పొసగదు. అక్కడ మదర్ ఒక చుట్టరికాన్ని చెబుతోంది, స్మాల్. మై, యువర్, హర్, ది, ఎ లాంటివి ముందుంటే దాదాపు ఎప్పుడూ స్మాలే. తెలుగులో 'అమ్మ ఇంట్లో ఉంది', 'మా అమ్మ ఇంట్లో ఉంది' అని రెండూ అంటాం. మొదటిదాంట్లో అమ్మ అన్నది మనం పిలిచే పేరు. ఆ తేడానే ఇంగ్లిష్ అక్షరంలో చూపిస్తుంది. పదవులకీ ఇదే సూత్రం. 'ప్రెసిడెంట్ లింకన్' అన్నప్పుడు ప్రెసిడెంట్‌కి కాపిటల్, 'లింకన్ వాజ్ ఎ ప్రెసిడెంట్' అన్నప్పుడు స్మాల్. డాక్టర్, అంకుల్, ప్రొఫెసర్ అన్నీ ఇంతే. గౌరవం కోసమని ప్రతి పదవికీ కాపిటల్ పెట్టే అలవాటు ఆఫీసు ఉత్తరాల్లో బాగా ఉంది. గౌరవం వేరు, గ్రామర్ వేరు.

పాప ప్రశ్నపత్రంలో లోపం ఉందన్నది ఇందుకే. మదర్, సన్ లాంటి మాటల్ని వాక్యం లేకుండా ఒంటరిగా ఇచ్చి, పైగా అన్నీ కాపిటల్‌తో అచ్చువేసి అడిగితే సరైన జవాబు ఉండదు. మాట ఏ పని చేస్తోందో వాక్యమే చెబుతుంది.

ఎ, యాన్, ది అనే ఆర్టికల్స్ గురించి కూడా కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగులో ఆర్టికల్స్ లేవు కాబట్టి మన పిల్లల చెవికి ఈ తేడా సహజంగా వినిపించదు. ఇంగ్లిష్‌లో లెక్కపెట్టగలిగే కామన్ నౌన్ ఏకవచనంలో ఉంటే అది ఒంటరిగా నిలబడలేదు. 'బాయ్ కేమ్' అంటే తప్పు. ఎ బాయ్, ది బాయ్, మై బాయ్ అని ఏదో ఒకటి తోడు ఉండాలి. ప్రాపర్ నౌన్ ఒంటరిగా నిలబడుతుంది, 'రవి కేమ్' చాలు. ఇది మంచి ఆనవాలే గానీ దీనికీ హద్దులున్నాయి. నదులకీ సముద్రాలకీ ఎడారులకీ పర్వతశ్రేణులకీ పేరు ముందు 'ది' తప్పదు. ది గాంజెస్, ది పసిఫిక్, ది సహారా, ది హిమాలయాస్. ఒంటి శిఖరానికీ సరస్సుకీ ఉండదు, మౌంట్ ఎవరెస్ట్, లేక్ విక్టోరియా అంతే. దేశాల్లో బహువచనం రూపంలో ఉన్నవాటికి 'ది' వస్తుంది, ది నెదర్లాండ్స్, ది ఫిలిప్పీన్స్ లాగా. యుక్రెయిన్‌కి ఒకప్పుడు 'ది' పెట్టేవారు. 1991లో స్వతంత్ర దేశమయ్యాక క్రమంగా మానేశారు. ఏదో ఒక ప్రాంతం అన్నట్టు ధ్వనిస్తోందని అక్కడివాళ్లు ఆ 'ది'ని ఒప్పుకోరు. చిన్న ఆర్టికల్ వెనక అంత పట్టింపు ఉంటుంది.

ప్రాపర్ నౌన్ ముందు 'ఎ' వచ్చినా, చివర బహువచనం 'ఎస్' చేరినా ఆగి చూడండి. అక్కడ పేరు కాసేపు కామన్ నౌన్ పని చేస్తోందన్నమాట. 'మా క్లాసులో ముగ్గురు సీతాస్ ఉన్నారు' అంటే సీత అనే పేరున్నవాళ్లు అని అర్థం. 'హి బాట్ ఎ పికాసో' అంటే పికాసో గీసిన బొమ్మ కొన్నాడని, పికాసోనే కొన్నాడని కాదు. కాపిటల్ మాత్రం పోదు.

ఇక ఒకటికన్నా ఎక్కువ మాటలున్న పేర్లు. 'ది యునైటెడ్ నేషన్స్' తీసుకోండి. యునైటెడ్ మామూలు విశేషణం, నేషన్స్ మామూలు కామన్ నౌన్. విడివిడిగా చూస్తే ఇందులో ప్రాపర్ నౌన్ ఒక్కటీ లేదు, కలిపితే ఒక సంస్థ పేరు. అందుకే వ్యాకరణవేత్తలు కొందరు ఒంటి మాటని ప్రాపర్ నౌన్ అనీ, ఇలాంటి పదబంధాన్ని ప్రాపర్ నేమ్ అనీ విడదీసి చెబుతారు. బడి స్థాయిలో రెంటినీ ప్రాపర్ నౌన్ అంటే సరిపోతుంది, కానీ మొత్తాన్ని ఒక్కటిగా గుర్తించాలని పాపకి చెప్పండి. 'యూనివర్సిటీ ఆఫ్ ఆక్స్‌ఫర్డ్'లో ఆక్స్‌ఫర్డ్ ఒక్కదాని కింద గీత గీస్తే సగం జవాబే. మధ్యలో 'ఆఫ్' స్మాల్ లెటర్‌లో ఉన్నా పేరులో భాగమే. ఇలాంటి పేర్లలో ఒక విశేషం ఉంది. తెల్లటి ఇల్లు ఏదైనా వైట్ హౌసే, అందులో హౌస్ మీద ఒత్తు గట్టిగా పడుతుంది. అమెరికా అధ్యక్షుడి వైట్ హౌస్ అన్నప్పుడు ఒత్తు వైట్ మీదికి జరుగుతుంది. కాపిటల్ కంటికి చేసే పనిని ఇక్కడ గొంతు చెవికి చేస్తుంది. పాపకి రెండూ బిగ్గరగా చదివి వినిపించండి.

అక్షరం మారితే అర్థమే మారిపోయే జంటలు కొన్నున్నాయి, వాటితో పిల్లలు సరదాగా ఆడుకుంటారు. చైనా అని కాపిటల్‌తో రాస్తే దేశం, స్మాల్‌తో రాస్తే పింగాణీ. టర్కీ దేశం, టర్కీ కోడి. పాలిష్ అనే మాటని కాపిటల్‌తో రాస్తే పలుకుబడే మారిపోయి 'పోలిష్' అవుతుంది, అంటే పోలండ్‌కి చెందిన.

కొన్ని పేర్లు కాలం గడిచేకొద్దీ సొంత ఆస్తి నుంచి ఉమ్మడి ఆస్తిలోకి దాటిపోతాయి. 1880లో ఐర్లండ్‌లో చార్లెస్ బాయ్‌కాట్ అనే ఎస్టేట్ ఏజెంటుతో చుట్టుపక్కలవాళ్లంతా మాటా మంతీ, పనీ పాటా మానేశారు. ఆయన ఇంటిపేరు ఇప్పుడు స్మాల్ లెటర్‌తో రాసే మామూలు మాట. డీజిల్ కూడా మనిషి పేరే, రుడాల్ఫ్ డీజిల్. న్యూటన్, వాట్, వోల్ట్ అన్న కొలతల్ని పూర్తిగా రాసేటప్పుడు స్మాల్ లెటర్‌తో రాయాలి, శాస్త్రవేత్త పేరుగా రాస్తే కాపిటల్‌తో. డిగ్రీ సెల్సియస్ ఒక్కదాంట్లో మాత్రం సెల్సియస్‌కి కాపిటల్ నిలిచిపోయింది. ఎస్కలేటర్ ఒక కంపెనీ నమోదు చేసుకున్న పేరు. అందరూ ఆ రకం మెట్లన్నిటికీ అదే వాడేయడంతో 1950లో అమెరికాలో ఆ హక్కు పోయింది. ఇంటర్నెట్‌కి మొదట్లో కాపిటల్ ఉండేది. 2016లో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ దాన్ని స్మాల్ లెటర్‌కి మార్చింది. దాటడం మన కళ్ల ముందే జరుగుతుంటుంది. అందుకే పాత పుస్తకంలో ఒకలా, కొత్తదాంట్లో ఇంకోలా కనిపిస్తే కంగారు పడకండి.

ఒక చోట మాత్రం పుస్తకాలకీ పండితులకీ పొత్తు కుదరదు. 'యాన్ ఇండియన్', 'ఎ లాబ్రడార్' లాంటి మాటలు. కాపిటల్ ఉంది, కానీ ముందు 'ఎ' వస్తోంది, బహువచనం వస్తోంది, ఒక వర్గం మొత్తానికి చెల్లుతోంది. లాబ్రడార్ అంటే ఒక రకం కుక్క, చూసి చెప్పగలం కూడా. నా లెక్కలో ఇవి ప్రాపర్ నౌన్ నుంచి పుట్టిన కామన్ నౌన్లు, పుట్టింటి గుర్తుగా కాపిటల్ తెచ్చుకున్నాయి. చాలా బడి పుస్తకాలు వీటిని ప్రాపర్ నౌన్ల పట్టికలోనే వేస్తాయి. పాప పరీక్షలో పుస్తకం ఎలా చెబితే అలా రాయనివ్వండి, కారణం మాత్రం మీరు ఇంట్లో చెప్పండి.

ఇంట్లో చేయించడానికి ఒక అభ్యాసం చెబుతాను. ఏదైనా ఇంగ్లిష్ పేరా తీసుకుని, కాపిటల్స్ అన్నీ తీసేసి, మొత్తం స్మాల్ లెటర్స్‌లో రాసి పాపకివ్వండి. కాపిటల్ ఎక్కడెక్కడ పడాలో తనే పెట్టాలి, పెట్టిన ప్రతిదానికీ ఎందుకు పెట్టిందో నోటితో చెప్పాలి. వాక్యం మొదలనా, పేరనా, పేరు నుంచి పుట్టిన విశేషణమనా? మొదటి రోజు పది పంక్తులు చాలు. మా పిల్లలకి వారం రోజులు ఇలా చేయించాక, వాళ్లు కాపిటల్స్ వెతకడం మానేసి వాక్యం చదవడం మొదలుపెట్టారు. వీలైతే మొదటి పేరాలోనే ఒక మదర్‌నీ, ఒక మార్చ్‌నీ, ఒక సన్‌నీ కలిపి పెట్టండి. వాటి దగ్గర పాప ఎంతసేపు ఆగుతుందో చూడండి, ఆగితే తొందరపెట్టకండి.